నికాన్ పి1000: భూమి వంపు సంగతి తామే తేల్చుకోవాలనుకునేవాళ్లకి ఈ కెమెరా ఎంతవరకు పనికొస్తుంది?

పక్షుల ఫొటోలు తీసేవాళ్ల కోసం తయారైన కెమెరా, భూమి బల్లపరుపుగా ఉందనేవాళ్ల ఆయుధంగా మారుతుందని నికాన్ కంపెనీ కూడా అనుకుని ఉండదు. 2015లో వచ్చిన కూల్‌పిక్స్ పి900తో మొదలైంది ఈ వ్యవహారం. 2018లో పి1000 వచ్చాక మరీ ముదిరింది. దిగంతం అవతలికి దిగిపోయిన ఓడని జూమ్‌తో వెనక్కి లాక్కొచ్చాం, నక్షత్రాన్ని దగ్గరగా చూస్తే నీళ్లలో వెలుగులా కదులుతోంది అంటూ వచ్చిన వీడియోల్లో చాలావాటికి ఈ రెండు కెమెరాలే ఆధారం. అందుకే ఇక్కడ పక్షుల ఊసు లేదు. పాఠ్యపుస్తకం మాట పక్కన పెట్టి తన కంటితోనే చూసుకోవాలనుకునే మనిషికి పి1000 ఏం చూపించగలదు, ఎక్కడ బోల్తా కొట్టిస్తుంది అన్నదే ఈ సమీక్ష.

అలా చూసుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఎవరో పెద్దాయన చెప్పాడని ఒప్పుకోవడం కన్నా అది నయం. కాకపోతే శాస్త్రవేత్తని నిలదీసినంత గట్టిగా కెమెరాని కూడా నిలదీయాలి. చాలామంది ఆ రెండో పని చెయ్యరు.

ముందు అంకెలు. పాత 35 మి.మీ. ఫిల్మ్ కెమెరా లెక్కలో జూమ్ 24 నుంచి 3000 మి.మీ. వరకు, అంటే 125 రెట్లు. లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ 4.3 నుంచి 539 మి.మీ. సెన్సర్ చిన్నది, 1/2.3 అంగుళాల రకం, 16 మెగాపిక్సెళ్లు. పూర్తి జూమ్‌లో అపర్చర్ (లెన్స్ ద్వారం కొలత) ఎఫ్/8. బరువు బ్యాటరీ, కార్డుతో కలిపి 1415 గ్రాములు. రా ఫైళ్లు (కెమెరా మెరుగులు దిద్దని ఫొటోలు) ఇస్తుంది, 4కె వీడియో తీస్తుంది. ఒక ఛార్జింగ్‌కి సుమారు 250 ఫొటోలు అని కంపెనీ చెబుతుంది. జూమ్ ముందుకీ వెనక్కీ తిప్పుతూ గంటలకొద్దీ కాపు కాసే పనికి అది చాలదు, రెండో బ్యాటరీ ఉండాల్సిందే.

ఈ అంకెల్లోంచి మనకి కావలసింది ఒక్కటి: పూర్తి జూమ్‌లో ఒక పిక్సెల్ ఎంత కోణాన్ని పట్టుకుంటుంది? సుమారు అర ఆర్క్‌సెకను (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను). అంటే 20 కి.మీ. దూరంలో ఉన్న వస్తువు మీద ఒక పిక్సెల్ 5 సెంటీమీటర్లు. వినడానికి అద్భుతంగా ఉంది గానీ, అంత వివరం ఆ లెన్స్ ఇవ్వలేదు. 539ని 8తో భాగిస్తే లెన్స్ ద్వారం 67 మి.మీ. అంత ద్వారంలోంచి వచ్చిన కాంతి ఎంత మంచి గాజులోనైనా 2 ఆర్క్‌సెకన్ల వరకు పరుచుకుంటుంది. 20 కి.మీ. దగ్గర అది 20 సెంటీమీటర్లు. దాని మీద గాలి కదలిక తెచ్చే మసక అదనం. కాబట్టి డిజిటల్ జూమ్, డైనమిక్ ఫైన్ జూమ్ రెండూ మెనూలోకి వెళ్లి ఆపేయండి. అవి ఉన్న మసకనే పెద్దది చేసి చూపిస్తాయి తప్ప కొత్తగా ఏమీ చూపించవు.

ఇక ఓడ సంగతి. "మాయమైన ఓడ జూమ్ చేస్తే మళ్లీ కనపడింది, కాబట్టి వంపు లేదు" అనే వాదనలో సగం నిజం ఉంది. ఓడ కనపడటం నిజం. మామూలు కన్ను 1 ఆర్క్‌నిమిషం (డిగ్రీలో 60వ వంతు) కన్నా చిన్నదాన్ని విడిగా పోల్చుకోలేదు. 5 కి.మీ. దూరంలో నీటిపైన ఒక మీటరు ఎత్తున్న పడవ అడుగుభాగం 0.7 ఆర్క్‌నిమిషమే. కంటికి ఆనదు, కెమెరాకి ఆనుతుంది. కానీ ఒడ్డున నిలబడ్డ మనిషి కన్ను నీటి మట్టానికి 2 మీటర్ల ఎత్తులో ఉంటే దిగంతమే 5 కి.మీ. పైచిలుకు దూరంలో ఉంటుంది. అంటే ఆ పడవ దిగంతం దాటనే లేదు. దాటనిదాన్ని వెనక్కి తెచ్చామనడంలో ఘనత ఏముంది? దాటి సగం మునిగినదాన్ని ఎంచుకుని, అప్పుడు జూమ్ చెయ్యాలి. అప్పుడు పై సగం పెద్దదవుతుంది, కింది సగం రాదు.

ఈ పరీక్షలో మనుషులు ఎక్కువగా తప్పేది లెక్క దగ్గర. "మైలు వర్గానికి 8 అంగుళాలు" (దూరాన్ని మైళ్లలో వర్గం చేసి 8తో గుణిస్తే దాగే ఎత్తు అంగుళాల్లో) అనే సూత్రం రెండు పక్షాలవాళ్లకీ నోటికి వచ్చు. అది కన్ను సరిగ్గా నీటి మట్టానికి ఆనించి ఉన్నప్పటి లెక్క. 20 కి.మీ. దూరానికి అది వేస్తే 31 మీటర్లు దాగాలని వస్తుంది. తీరా ఫొటోలో అంతకన్నా చాలా తక్కువ దాగి ఉంటుంది. "చూశారా, మీ గుండ్రం భూమి లెక్క తప్పింది" అని సంబరం. తప్పింది భూమి కాదు, సూత్రం.

సరైన లెక్క ఇలా వెయ్యాలి. కంటి ఎత్తు, అంటే లెన్స్ మధ్యభాగం నీటికి ఎంత ఎత్తులో ఉందో, మీటర్లలో తీసుకోండి. దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం దూరం కిలోమీటర్లలో వస్తుంది. వస్తువు దూరంలోంచి దాన్ని తీసేసి, మిగిలినదాన్ని వర్గం చేసి, 12.74తో భాగిస్తే ఎన్ని మీటర్లు దాగాలో తెలుస్తుంది. కంటి ఎత్తు 2 మీటర్లు, దూరం 20 కి.మీ. అయితే 17.5 మీటర్లు. ఇది గాలి లేని భూమికి. గాలి కాంతిని కొద్దిగా కిందికి వంచుతుంది కాబట్టి మామూలు రోజుల్లో భూవ్యాసార్థాన్ని ఆరింట ఏడు వంతులుగా (7/6 రెట్లు) తీసుకుంటారు. అప్పుడు 3.57 బదులు 3.86, 12.74 బదులు 14.87 వాడాలి. జవాబు 14 మీటర్ల పైచిలుకు. 17.5కీ 14కీ మధ్య 3 మీటర్ల తేడా పి1000 ఫొటోలో అరవైకి పైగా పిక్సెళ్లు. అంటే ఈ కెమెరా వంపుని మాత్రమే కాదు, గాలి కాంతిని వంచే వక్రీభవనాన్ని కూడా కొలవగలదు. దీనికి నిజంగా మెచ్చుకోవాలి.

కంటి ఎత్తుని అందాజాగా వేసుకోకండి. బరువు కట్టిన తాడు లెన్స్ దగ్గర నుంచి నీటి దాకా వదిలి కొలవండి. ఎత్తులో అర మీటరు తేడా వస్తే దాగే భాగంలో మీటరున్నర దాకా తేడా వస్తుంది. సముద్రమైతే ఆటుపోట్లు రెండు వైపులా లెక్కలోకి వస్తాయి, కాబట్టి ఫొటో తీసిన గంటకి పోటు మట్టం రాసుకోవాలి. పి900లో జీపీఎస్ ఉండేది, పి1000లో తీసేశారు. ఫోన్‌తో జత చేస్తే స్థానం నమోదవుతుంది గానీ, ఒక పరిశోధన పరికరంగా చూస్తే ఇది వెనకడుగే. స్థానం ఫోన్‌లో విడిగా చూసి రాసి పెట్టుకోవడం మేలు.

గురి పెట్టే వస్తువుగా సముద్రంలోని గాలిమరల వరసని మించింది లేదు. అన్నీ ఒకే ఎత్తు, ఇరుసు ఎత్తు, రెక్కల వ్యాసం బహిరంగంగా దొరుకుతాయి, దగ్గరవీ దూరపువీ ఒకే ఫ్రేములో పడతాయి. రెక్కల వ్యాసం ఎన్ని పిక్సెళ్లో లెక్కపెడితే ఫొటోలోనే స్కేలు దొరికినట్టు. ఇరుసు నుంచి నీటి గీత వరకు కొలిచి, అసలు ఎత్తులోంచి తీసేస్తే దాగినది ఎంతో తెలిసిపోతుంది. అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని పాంట్‌చార్‌ట్రెయిన్ సరస్సు మీద సరళరేఖలో పోయే కరెంటు టవర్లు కూడా ఇలాంటివే. వరస కొస నుంచి పెద్ద జూమ్‌తో తీసిన ఫొటోల్లో ఆ టవర్లు దూరం వెళ్లేకొద్దీ కిందికి వంగుతూ పోవడం కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జూమ్ దూరాన్ని కుదించేస్తుంది కాబట్టి మామూలుగా తెలియని వంపు పోగుపడి బయటపడుతుంది.

ఒక్క పరీక్షకే ఓపిక ఉంటే ఇది చెయ్యండి. అదే చోట, అదే గంటలో, కిందనుంచి ఒకటి, మెట్లెక్కి పైనుంచి ఒకటి. 2 మీటర్ల ఎత్తు నుంచి 14 మీటర్లు దాగిన కట్టడం, 10 మీటర్ల ఎత్తుకి ఎక్కితే 4 మీటర్లే దాగాలి. దాదాపు 10 మీటర్ల గోడ కొత్తగా పైకి తేలుతుంది. జూమ్ ఎంత లాగినా రానిది, మెట్లెక్కితే వస్తుంది. బల్లపరుపు నీటిమీద ఎక్కినా దిగినా ఏమీ మారకూడదు. లెన్స్ నాణ్యత, సూత్రం తగాదాలు, కంపెనీ మీద అనుమానాలు ఇవేవీ ఈ పోలికని కదిలించలేవు.

గాలి మాత్రం కదిలించగలదు. నీళ్లు చల్లగా, పైగాలి వెచ్చగా ఉన్న రోజున కాంతి మామూలు కన్నా ఎక్కువ వంగుతుంది. పైకి వెళ్లేకొద్దీ మీటరుకు సుమారు 0.13 డిగ్రీల సెల్సియస్ చొప్పున వేడి పెరిగితే చాలు, కిరణం భూమి వంపుతో పాటే వంగుతూ పోతుంది, అప్పుడు భూమి నిజంగానే బల్లపరుపుగా కనపడుతుంది. 2015లో మిషిగన్ సరస్సు అవతలి ఒడ్డు నుంచి, దాదాపు 60 మైళ్ల దూరాన, షికాగో భవనాలు కనపడ్డ ఫొటో ఇలాంటి రోజుదే. దానికి వాతావరణ నిపుణులు ఇచ్చిన వివరణ ఎండమావి అని. ఇది తప్పించుకునే మాటలా వినిపిస్తుందని ఒప్పుకోవాలి. కానీ ఈ వివరణ పరీక్షకి నిలుస్తుంది: అది నిజమైతే అదే ఒడ్డు నుంచి వేరే రోజుల్లో ఆ భవనాలు అడుగున కోసుకుపోయి కనపడాలి, లేదా అసలు కనపడకూడదు. బల్లపరుపైతే తెరిపిగా ఉన్న ప్రతి రోజూ అడుగు దాకా కనపడాలి. కాబట్టి ఒక్క ఫొటోతో ఏ పక్షమూ గెలవదు. నీటి వేడి, గాలి వేడి రెండూ రాసుకుని వేర్వేరు రోజుల్లో తియ్యాలి. రెండూ దగ్గరదగ్గరగా ఉండి, మబ్బు పట్టి, ఓ మోస్తరు గాలి వీచే రోజు మంచిది. నీళ్లు గాలి కన్నా వెచ్చగా ఉంటే దిగంతం దగ్గర వస్తువు కింద తలకిందుల ప్రతిబింబం వస్తుంది. ఆ ఫొటోలని "అడుగు మునిగింది చూడండి" అని గుండ్రం భూమి పక్షంవాళ్లు చూపించడం కూడా అంతే అన్యాయం. అక్కడ మునగడంలో కొంత వంపుది, కొంత ఎండమావిది.

కన్ను నీటికి ఎంత దగ్గరైతే గాలి ఆట అంత ఎక్కువ. ఈ తగాదా మొదలైందే అక్కడ. 1838లో ఇంగ్లండులో శామ్యూల్ రోబోథమ్ అనే ఆయన ఓల్డ్ బెడ్‌ఫర్డ్ కాలవలో దిగి, నీటికి 20 సెంటీమీటర్ల ఎత్తున కన్ను పెట్టి, 6 మైళ్లు పోయిన పడవ ఆసాంతం కనపడిందన్నాడు. 1870లో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ అదే కాలవ మీద 500 పౌండ్ల పందెం కాసి, గురి గీతని నీటికి 13 అడుగుల పైకి లేపాడు, మధ్యలో అదే ఎత్తున ఒక గుర్తు నిలబెట్టాడు. మధ్య గుర్తు దూరపు గుర్తు కన్నా పైకి కనపడింది. కానీ అవతలి పక్షం మధ్యవర్తి అదే దుర్భిణిలో చూసి, తమ వాదమే రుజువైందన్నాడు! పందెం వాలెస్‌దే అన్నా ఆ తర్వాత కోర్టులు, తిట్లు ఆయన్ని ఏళ్ల తరబడి వదల్లేదు. కాబట్టి షట్టర్ నొక్కకముందే ఏం కనపడితే ఏది ఓడినట్టో రెండు పక్షాలూ కాగితం మీద మీటర్లలో రాసి సంతకం పెట్టుకోవాలి. పి1000 పెట్టెలో లేని ముఖ్యమైన సామాను ఆ కాగితమే.

సెట్టింగుల మాటకొస్తే, ట్రైపాడ్ మీద పెట్టాక వైబ్రేషన్ రిడక్షన్ (చేతి వణుకు సరిచేసేది) ఆపండి, ఫోకస్ చేత్తో చెయ్యండి, ఐఎస్ఓ 100, రా ఫైలు, సెల్ఫ్ టైమర్. ట్రైపాడ్ బరువైనదే కావాలి. లెన్స్ పూర్తిగా బయటికొచ్చాక ముందుకు తూగుతుంది, ఫ్రేము ఎత్తు అర డిగ్రీ కూడా ఉండదు, చిన్న గాలికే బొమ్మ బయటికి జారిపోతుంది. జేపెగ్ ఒక్కటే తీస్తే కెమెరా అంచులకి పదును పెట్టి, నీటి గీత దగ్గర తెల్లటి గీతలు కల్పిస్తుంది. కొలవాల్సిన చోటే అలా చేస్తే ఇంకేం కొలుస్తాం.

నక్షత్రాల దగ్గర ఈ కెమెరా దారుణంగా మోసం చేస్తుంది. లేదా మోసపోనిస్తుంది అనాలేమో. ఆటోఫోకస్ చీకట్లో చుక్కని పట్టుకోలేక అటూ ఇటూ వెతికి ఎక్కడో ఆగిపోతుంది. ఫోకస్ తప్పిన చుక్క పెద్ద బిళ్లలా పరుచుకుంటుంది, దాని మీద గాలి అలలు రంగులు మారుస్తూ పరుగెడతాయి. "నక్షత్రం అసలు రూపం" అంటూ చూపించే వీడియోలు ఇవే. రాత్రి కనపడే నక్షత్రాలన్నిటికన్నా ఎక్కువగా మెరిసే సిరియస్ కోణ వ్యాసం 0.006 ఆర్క్‌సెకన్లు. ఈ లెన్స్ విడదీయగలిగింది 2. అంటే మూడు వందల రెట్లకు పైగా తేడా. పి1000లో నక్షత్రం బిళ్లలా కనపడిందంటే ఫోకస్ తప్పిందనే అర్థం, మరో మాట లేదు. తేల్చుకోవడం సులువు: ఫోకస్ రింగు నెమ్మదిగా తిప్పుతూ వీడియో తీయండి. బిళ్ల కుంచించుకుపోయి చుక్కై, మళ్లీ ఉబ్బుతుంది. అతి చిన్నగా అయిన చోటే సరైన ఫోకస్. అదే ఫోకస్‌లో గురుగ్రహం వైపు తిప్పితే అది చిన్న బిళ్లలా నిలుస్తుంది, పక్కన నాలుగు ఉపగ్రహాలు చుక్కలుగా కనపడతాయి. మర్నాడు చూస్తే స్థానాలు మారి ఉంటాయి. 1610లో గెలీలియో చూసింది అదే.

పూర్తి జూమ్‌లో ట్రైపాడ్ కదలకుండా ఉంచితే, ఖగోళ మధ్యరేఖకి (భూమధ్యరేఖకి ఎదురుగా ఆకాశంలో ఊహించుకునే గీతకి) దగ్గరగా ఉన్న నక్షత్రం ఫ్రేము పొడవునా దాటడానికి రెండున్నర నిమిషాల పైచిలుకు పడుతుంది. గంటకి 15 డిగ్రీలు. తిరుగుతోంది భూమా ఆకాశమా అన్నది ఈ కెమెరా చెప్పదు. దానికి తిరుగుడుని పసిగట్టే లేజర్ గైరోస్కోపు లాంటి పరికరం కావాలి. బల్లపరుపు పక్షంలోనే ఒక బృందం అలాంటిది కొనుక్కుని, గంటకి 15 డిగ్రీల జరుగుడు చూసి, ఆ అంకెని ఎలా వదిలించుకోవాలా అని ఆలోచనలో పడింది. భూమి మీద ఉన్న అనుమానం, నచ్చని జవాబు వచ్చాక పరికరం వైపు మళ్లకూడదు కదా.

చంద్రుడి విషయంలో మాత్రం పి1000 ఇచ్చిన డబ్బుకి న్యాయం చేస్తుంది. పూర్తి జూమ్‌లో చంద్రబింబం ఫ్రేములో పట్టదు. 2000 మి.మీ.కి తగ్గిస్తే సుమారు 2400 పిక్సెళ్ల వ్యాసం వస్తుంది. ఇప్పుడు ఒకే రాత్రి, ఉదయిస్తున్నప్పుడు ఒకటి, నడినెత్తికి వచ్చాక ఒకటి తీసి అడ్డ వ్యాసాలు కొలవండి. నిలువు వ్యాసం వద్దు, దిగంతం దగ్గర గాలి దాన్ని నొక్కేస్తుంది. కంటికి ఉదయించే చంద్రుడు పెద్దగా అనిపిస్తాడు గానీ, ఫొటోలో నడినెత్తి చంద్రుడే ఒకటిన్నర శాతం పైన పెద్ద, అంటే 40 పిక్సెళ్ల దాకా. నెత్తిమీదికి వచ్చేసరికి మనం భూమి వ్యాసార్థమంత మేర ఆయనకి దగ్గరవుతాం కాబట్టి. చంద్రుడి సొంత కక్ష్య వల్ల ఆ ఆరు గంటల్లో వచ్చే మార్పు అర శాతం దాటదు. రెండు ఫొటోల మధ్య జూమ్ కదిలితే అంతా వృథా. కెమెరా ఆపి ఆన్ చేస్తే లెన్స్ లోపలికి పోతుంది కాబట్టి మెనూలోని జూమ్ మెమరీ వాడండి, రెండుసార్లూ దూరపు స్తంభం ఏదైనా ఒకటి ఫొటో తీసి స్కేలు సరిచూసుకోండి.

సూర్యుడికీ అదే పద్ధతి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అడ్డ వ్యాసం ఒక్కటే వస్తుంది, 2000 మి.మీ. దగ్గర సుమారు 2500 పిక్సెళ్లు. బల్లపరుపు పక్షం చెప్పినట్టు కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తులో తిరిగే చిన్న సూర్యుడైతే సాయంత్రానికి స్పష్టంగా చిక్కిపోవాలి. ఫిల్టర్ లేకుండా తీసిన ఫొటోల్లో చిక్కినట్టు కనపడేది సూర్యబింబం కాదు, దాని చుట్టూ ఉండే జిగేలు. కాబట్టి లెన్స్ ముందు 77 మి.మీ. మరకి సరిపోయే సౌర ఫిల్టర్, కాంతిని లక్షో వంతుకి తగ్గించేది, తప్పనిసరి. మామూలుగా వెలుతురు తగ్గించడానికి వాడే ఎన్‌డీ ఫిల్టర్లు చాలవు. వ్యూఫైండర్ ఎలక్ట్రానిక్‌ది కాబట్టి అందులోంచి కంటికి నేరుగా ఎండ రాదు, కానీ సెన్సర్ కాలిపోతుంది. గురి పెట్టేటప్పుడు కెమెరా పక్కనుంచి సూర్యుణ్ణి చూడటం అన్నిటికన్నా ప్రమాదం. కెమెరా నీడ నేలమీద అతి చిన్నగా అయ్యేదాకా తిప్పితే గురి దానంతటదే కుదురుతుంది.

ఒక పనికి మాత్రం దీన్ని వాడకండి: దిగంతం గీత వంగి ఉందా లేదా చూడటానికి. పూర్తి జూమ్‌లో ఫ్రేము వెడల్పు 0.66 డిగ్రీలే, అందులో వంపు దొరకదు. వెడల్పు కోణంలో తీస్తే లెన్స్ తన సొంత వంపుని కలుపుతుంది. యాక్షన్ కెమెరాతో తీసిన వంపు గీతలని రుజువుగా చూపించే గుండ్రం భూమి పక్షంవాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

కొనేవాళ్లకి: 2025లో వచ్చిన పి1100లోనూ లెన్స్ పరిధి, సెన్సర్ పరిమాణం ఇవే. ప్రధానంగా చెప్పుకోవలసిన మార్పు యూఎస్‌బీ-సి. పి1000 మంచి స్థితిలో దొరికితే కొత్తదాని కోసం ఆగక్కర్లేదు. మెట్లెక్కే పరీక్ష ఒక్కటే చాలనుకుంటే పాత పి900 కూడా సరిపోతుంది. 2000 మి.మీ. జూమ్, 899 గ్రాముల బరువు, జీపీఎస్ ఉన్నాయి. రా ఫైళ్లు లేవు కాబట్టి అంచులు కొలిచేటప్పుడు రెండు మూడు పిక్సెళ్లు అటూ ఇటూ వదిలేసుకోవాలి. పది మీటర్ల గోడని లెక్కపెట్టే చోట అదేమంత పెద్ద నష్టం కాదు.